అమెరికా కుర్చీ వాలు

దోహా ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక వడ్రంగి షెడ్డులో, 1994 వేసవి మధ్యాహ్నం, కోస్తా నుంచి వచ్చిన సూపర్‌వైజరూ జగిత్యాల వడ్రంగీ ఒక అమెరికా తోట కుర్చీకి చెరో పక్కన నిలబడి ఉన్నారు.

"విరిగిన పలక ఒక్కటి మార్చమన్నాను. ముందు కాళ్ళు ఎవడు కొయ్యమన్నాడు?"

"సీటు ఎనకకు పడిపోయి ఉండె సార్. కాళ్ళు కోసి సాపుగ జేసిన. రసమట్టం పెట్టి సూడుండ్రి, జరంత వంక లేదు."

"అది వంక కాదయ్యా, వాలు! దీన్ని బాగుకిచ్చిన అమెరికా మేడం వాళ్ళ తాత కూర్చున్న కుర్చీ. ఎన్ని దేశాలు మారినా వదలకుండా ఓడలో తెచ్చుకుంది. అమెరికాలో ఇప్పటికీ ఇదే వాలుతో చేస్తున్నారు, ఎందుకనుకున్నావ్?"

"ఏమో! అట్ల కూసుంటే జల్ది లేవరాదు. ఎవలన్న పిలిస్తే ఎట్ల ఉరుకుతరు?"

"ఎవరూ పిలవరు కాబట్టే అందులో కూర్చుంటారు! నడుం వాల్చి, కుర్చీకున్న ఆ వెడల్పాటి చేతి మీద కప్పు పెట్టుకుని, సాయంత్రమంతా అలాగే ఉంటారు. ఇరవై ఏళ్ళ అనుభవమున్న పనివాడివి, ఒక్కసారి కూర్చుని చూస్తే నీకే తెలిసేది కదా!"

"కూసోని సూడాల్నా? ఆ గోడమీది బోర్డు ఎవలు రాపిచ్చిండ్రు సార్? కస్టమర్ కుర్చీల కూసున్నోణ్ని ఇంటికి పంపుతమని హిందీల రాసి లేదా? ఈడికొచ్చి ఆరేండ్ల సంది కుర్చీలు జేస్తున్న. నిలబడే జేస్తున్న."

"నోరు ముయ్యి. మేడం కారు వచ్చేసింది. కాళ్ళెందుకు కోశారని అడిగితే ఏం చెప్పమంటావ్?"

"ఏం జెప్పకు. ఆ బోర్డు సూపెట్టు."