తెరిచి పెట్టిన ముక్క

మళ్ళీ "చిన్నది పాపం" అంటావేంటమ్మా? పాపం ఎవరు? అదా, నేనా? ఫోన్‌లో గొంతు నీరసంగా ఉందట, తిండి తినట్లేదట! నా గొంతు ఎలా ఉందో ఎప్పుడైనా విన్నావా నువ్వు? కదలకు. వెనకంతా చిక్కులే. దువ్వెన లాగితే నొప్పి పుడుతుంది, మళ్ళీ నన్నే అంటావు.

ఆ... ఎక్కడున్నాను? కేకు. పోయిన నెల మేమిద్దరం పనిచేసే ల్యాబులో దానికోసం కేకు కోశారని మురిసిపోయావు చూడు, అది ఎవరి ముక్కకి కోశారో తెలుసా? నా ముక్కకి! నేను పెంచిన స్ఫటికానికి! కొలిచి పెట్టవే అని చిన్నదానికి నేనిచ్చిన సగానికి!

దాచిందా? ఛ, అదేం దాచలేదు. "అక్క చేసిందే సార్" అని చెప్పింది కూడా. మా సారేమన్నారు? "మీ అక్క దగ్గర రానిది నీ దగ్గర వచ్చింది చూశావా, బంగారు చెయ్యి తల్లీ నీది" అన్నారు. బంగారు చెయ్యట! ఆ చేత్తో ఏ డబ్బాకైనా మూత సరిగ్గా పెట్టిందా జన్మలో? నవ్వు, నవ్వు. నీకు అదేం చేసినా ముద్దే.

నీకు అర్థమయ్యేలా చెప్తా, విను. ఇనుప పొడి, టెల్లూరియం అని వెండిలా మెరిసే ఇంకో పొడి, చిటికెడు గంధకం. మూడూ తూచి, గాజు గొట్టంలో పోసి, లోపలి గాలంతా లాగేసి, మూతి కరిగించి మూసెయ్యాలి. ఫర్నేసులో రోజుల తరబడి కాలాలి, మెల్లగా చల్లారాలి. అప్పుడు గొట్టం పగలగొడితే నల్లటి రేకు నిగనిగలాడుతూ వస్తుంది. గోరుతో లేపితే పొర మీద పొర ఊడుతుంది, అభ్రకంలాగా. దాన్ని మంచుకంటే ఎన్నో రెట్లు చల్లబరిస్తే, అందులో కరెంటు అడ్డన్నదే లేకుండా పరిగెత్తాలి. రవ్వంత కూడా వృథా పోకూడదు. అది చూడాలనే కదమ్మా ఇన్నేళ్ళూ ఆ గదిలో పడి ఉన్నాను!

నాకు రాలేదు. ఎన్నిసార్లు కొలిచినా తెరమీద ఆ అడ్డు ఎంతో చూపే గీత కిందికి దిగినట్టే దిగి, సున్నా దాకా రాకుండా ఆగిపోయేది.

నా సగాన్ని ఎలా చూసుకున్నాననుకున్నావు? పసిబిడ్డని సాకినట్టు సాకాను. ఆర్గాన్ వాయువు నింపిన పెట్టెలో, మామూలు గాలి సోకకుండా దాచాను, రబ్బరు తొడుగులు లేకుండా ముట్టుకున్నది లేదు. మరి అది? నేనిచ్చిన సగాన్ని మూతలేని గిన్నెలో, కిటికీ దగ్గర, ఎంగిలి టీ కప్పు పక్కన పారేసి సెలవు మీద వెళ్ళిపోయింది! వానలు పడ్డాయి. కిటికీ కూడా వెయ్యలేదు మహాతల్లి. తిరిగొచ్చి, "అయ్యో, దీని సంగతే మర్చిపోయానే" అంటూ కొలిచింది. సున్నా! గీత వెళ్ళి సున్నా మీద కూర్చుంది!

ఒళ్ళు మండిపోయిందమ్మా. నీ దగ్గర దాపరికం ఎందుకు, కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. దాని చేతికి కేకు కత్తి ఇస్తుంటే లోపల్లోపల ఏడ్చాను. పైకి మాత్రం చప్పట్లు కొట్టాను. అందరికంటే గట్టిగా నేనే కొట్టాను.

చిన్నప్పుడూ ఇంతే కదా. కొలతలు చూసి నేను కుట్టుకున్న గౌను ఎక్కడో బిగిసేది. అది ఏదో గుడ్డ చించి చుట్టుకుంటే, "ఎంత బాగుందే!" అని బుగ్గలు పుణికేదానివి. ఆగు, అసలు సంగతి అది కాదు.

మా సారు ఒక్కసారి వస్తే నమ్మే రకం కాదు. ఇంకోటి చేసి చూపించు, ఉన్న ఒక్క పర్మినెంటు పోస్టు నీదే అన్నారు. చూపించలేకపోతే నాకొస్తుంది. అది చేస్తూనే ఉంది పాపం... చూడు, నాకూ అంటుకుంది నీ "పాపం"! ఒక్కటీ రావట్లేదు. నీకు వినపడిన నీరసం అదే. ఎందుకు రావట్లేదో తెలుసా? ఇప్పుడు జాగ్రత్త పడుతోంది పిచ్చిది. నాలాగా మూతలు బిగించి, ఆర్గాన్ పెట్టెలో దాచి.

దానికి తెలీదు. నాకు తెలుసు.

కేకు రోజే చూశాను. ఆ ముక్క అంచున సన్నగా తుప్పు. పొరల్లో అమరిన ఇనుము అంత తేలిగ్గా తుప్పు పట్టదే, మరి ఇదెక్కడిది? పొరల మధ్య ఎక్కువై ఇరుక్కున్న ఇనుము. దుప్పటి మడతలో రాయి పడ్డట్టు, ఇన్నాళ్ళూ అదే అడ్డం. చెమ్మగాలి దాన్ని మెల్లగా బయటికి లాగేసింది. నేను గాలి సోకనివ్వకుండా ఆ రాయిని కూడా భద్రంగా దాచుకున్నాను!

నా ముక్క ఒకటి తీసి, ఎవరికీ చెప్పకుండా తడిగాలికి పెట్టాను. మొన్న కొలిచాను. సున్నా వచ్చింది. ఎగిరి గంతెయ్యాలి కదా? గబగబా దాచేశాను. ఇప్పుడు చూపిస్తే, పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందంటారు.

నిన్న నా బల్ల దగ్గరకొచ్చింది, కళ్ళు ఎర్రగా చేసుకుని. "అక్కా, నేనెక్కడ తప్పు చేస్తున్నానో నువ్వే చెప్పవే" అంది.

ఏమన్నానో తెలుసా?

"ఎక్కడో గాలి సోకుతోందే. ఇంకా గట్టిగా మూసి చూడు" అన్నాను.

నా మెడ కావలించుకుంది. "నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నే" అని వెళ్ళి, మూతలన్నీ మళ్ళీ బిగించుకుంది. నేను చూస్తూ కూర్చున్నాను.

దువ్వెన లాక్కుంటావేం? తిట్టు.

తప్పని నాకు తెలీదా? పొద్దున్నుంచీ దానికి ఫోన్ చేద్దామని తీస్తున్నాను, పెట్టేస్తున్నాను. చెప్దామనుకుంటే ఆ చప్పట్లు గుర్తొచ్చి నోరు పెగలదు. నా నోటితో చచ్చినా చెప్పలేనమ్మా.

అందుకే నీకు చెప్పాను. నీ నోట్లో ఎలాగూ నువ్వు గింజ నానదు, చిన్నదాని దగ్గరైతే అసలే నానదు. ఇదిగో ఫోన్. చెయ్యి. అన్నీ తెరిచి గాలికి పెట్టమను.

అక్క చెప్పిందని మాత్రం చెప్పమ్మా. ఆ ఒక్క మాట మింగెయ్యకు.