దొరసానికి తుమ్ము రాదు

ఏందమ్మా రేణుకా, చాయ్ నా చేతికిచ్చి కండ్లు బడి దిక్కు తిప్పుతున్నవు? నాకు కనిపిస్తలేదనుకున్నవా? పొద్దటి నుంచి కనిపిస్తనే ఉన్నది. బడి ముందల టెంటు ఏసిండ్రు, పశువుల దవాఖానోళ్ళు డబ్బాలు దించిండ్రు, వనపర్తిల ఉన్న కుక్కలన్నీ పిల్లులన్నీ లైను కట్టినయి. కట్టనీ. నా పిల్లి కట్టదు. ఎందుకు కట్టదంటే దానికి ఆ అవసరం లేదు. నా ఇంటికి వచ్చిన నాటి నుంచి నా దొరసాని ఒక్కసారి తుమ్మలేదు. జ్వరం సంగతి తర్వాత, విరేచనాల సంగతి తర్వాత. తుమ్ము, ఉత్త తుమ్ము, అది కూడా రాలేదు. ఈ తిమ్మప్ప సార్ పెంచిన పిల్లి అంటే ఏమనుకున్నరు? ఆ బల్ల మీద చాయ్ తాగుకుంట నవ్వకు ఇస్రాయేలూ, నువ్వు కూడ విను.

"సార్, పోయిన నెల మన గల్లీల పిచ్చికుక్క తిరిగింది గదా. పన్నెండు దాటితే డాక్టరు టెంటు పీకుతడు. పిచ్చికుక్క సూదిమందు మళ్ళ ఎప్పుడొస్తదో ఏమో. జర దొరసానిని తీసుకొస్తే అయిపోతది గదా."

రేణుకా, నువ్వు చాయ్ మంచిగ చేస్తవు. చాయే చెయ్యి. నాకు సూదుల గురించి చెప్పకు. నేను ఇదే వనపర్తిల బీజెడ్సీ చదివినోణ్ణి. మా కాలేజీల కప్పను కోసుడంటే పిల్లలందరు వణికేటోళ్ళు. నేను కోసిన, చూసిన, మళ్ళ కుట్టిన. ఆ కప్ప లేచి కిటికీల నుంచి దుంకి పోయింది. మా లెక్చరరు ఇంకొకటి కొయ్యమన్నడు, నేను కొయ్యనన్న. ఒక ప్రాణిని రెండుసార్లు పరేషాన్ చేసుడు నా పద్ధతి కాదు. ఏం చెప్తున్న? ఆఁ, పిల్లి.

దాన్ని నేను ఎక్కడినుంచి తెచ్చిన్నో తెలుసా? బీచుపల్లి కాడినుంచి. మన దిక్కు రివాజు మీకు ఎరుకే గదా. ఉట్టి మీది పాలు తాగే పిల్లిని గోనెసంచిల కట్టి, కృష్ణ దాటించి ఇడిసి వస్తరు. ఏరు దాటితే వాసన తెగుతది, ఇగ తిరిగి రాదని. ఎవడో బద్ధకస్తుడు ఏరు కూడా దాటకుండ గుడి ఉన్న ఒడ్డునే పడేసి పోయిండు. నేను ఆంజనేయస్వామికి మొక్కి బస్సు కోసం నిలబడితే, రోడ్డు పక్కన ఒక సంచి నడుస్తున్నది. సంచి, ఇస్రాయేలూ! దానంతల అది! జనమంత దూరం జరిగిండ్రు. నేను పోయి మూతి ఇప్పిన. పిడికెడు పిల్ల, తెల్ల ఒళ్ళు, నల్ల మచ్చలు. నన్ను చూసి నా చొక్కాల దూరింది. వనపర్తి దాంక నా గుండె మీదనే పండుకున్నది. కండక్టరు ఇద్దరికి టికెట్టు కొట్టిండు, ఒకటి నాకు, ఒకటి ఈ రోగం లేని ప్రాణికి.

"సార్, ఆ కథ నాకు ఎరుకే గనీ, ఎడమ చెయ్యి తువ్వాలల నుంచి తీస్తలేరేంది?"

చలి.

"ఇంత ఎండల చలా?"

ఇస్రాయేలూ, నువ్వు పుణెల మేస్త్రీ పని చేసి వచ్చినవు, గోడ వంకర పట్టుకుంటవు, ఒప్పుకుంట. మనిషి చలి నీకు తెల్వదు. ముక్కు మీద గీత దిక్కు కూడా చూడకు, పొద్దుగాల గడ్డం గీసుకున్న.

"గడ్డం ముక్కు మీద మొలిసిందా సార్?"

నవ్వుండ్రి, నవ్వుండ్రి. నేను చెప్పేది చెప్త. పిల్లి ఆరోగ్యం అంటే ఏందో అందరికి తెల్వదు. పిల్లికి పాలు పోస్తరు, దాని కడుపు చెడుతది, దిష్టి తగిలిందంటరు. నేను పెద్ద పిల్లికి పాలు పొయ్యను. తిండి ఒక మూల, నీళ్ళు ఇంకో మూల. తిండి పక్కన నీళ్ళు పెడితే పిల్లి తాగదు, తాగకపోతే మూత్రం బిగుస్తది, మొగ పిల్లికైతే ప్రాణం మీదికి వస్తది. పల్లి చేన్ల కొట్టిన పురుగుల మందు కాళ్ళకు అంటుకుంటే అది నాకి చస్తది, అందుకని నా ఇంట్ల మందు డబ్బా అటక మీద. మన జ్వరం గోలీ దానికి విషం, అది కూడా అటక మీద. బయటి తిండి నా దొరసాని ముట్టదు. నేను ఉడకబెట్టిన కోడిగుడ్డు, నేను తీసిన కోడి ముక్క, అంతే. ఒకరి గడప తొక్కదు. అసొంటి పెంపకం.

పాల సంగతి వచ్చింది గనుక చెప్త. మా గల్లీకి పాలు పోసేటోడు ఒకడుండె. క్యాను మూత తియ్యంగనే దొరసాని పోయి వాసన చూసేది. నీళ్ళు కలిసినయా, తోక ఒకసారి ఊపేది. బోరునీళ్ళయితే ఎడమకు, నల్లానీళ్ళయితే కుడికి. గల్లీల ఆడోళ్ళంత దాని తోక చూసి గిన్నె పట్టేటోళ్ళు. వాడు నెల తిరగకముందే తిమ్మాజిపేట దిక్కు పోయి ఎవుసం చేసుకుంటున్నడు.

"గోమార్లు, ఆ రక్తం తాగే పురుగులు, అవి కూడా లేవా సార్ దానికి? మా కుక్కకు మందు రాసినా పోతలేవు."

మంచిగ అడిగినవు ఇస్రాయేలూ. పేన్ల దువ్వెనతోని రోజు దువ్వుత. మొదట్ల ఒకటి రెండు దొరికేటివి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దొరకలే. ఎందుకని నేనే కాపు కాసిన. గోమార్లు గేటు కాడ దాంక వస్తున్నయి, లోపల దువ్వెన పట్టుకొని కూసున్న నన్ను చూస్తున్నయి, వాటిల వాటికి మాట్లాడుకుంటున్నయి, మర్లి పోతున్నయి. వెంట పోయిన. బస్టాండుకు పోయి సూపర్ లగ్జరీ ఎక్కి హైదరాబాద్ పోయినయి. ఇప్పటికి అక్కడనే సెటిలైనయి, అపార్ట్‌మెంట్లల్ల.

"బీచుపల్లి స్వామి మీద ఆన పెడతరా సార్?"

పెడత!

"వద్దు లెండ్రి. నది పక్కనే ఉంటడు, గాలికి మాట వినబడుతది."

ఊకె మధ్యల అడ్డం పడకు రేణుకా. అసలుది ఇంకా చెప్పలే. గద్వాల్ల నా దోస్తు ఇంట్ల మగ్గం ఉన్నది. దొరసానిని చూస్తమని వాళ్ళ ఇంటోళ్ళు పట్టుబడితే తీసుకొని పోయిన. మేము తింటున్నం, మాటలల్ల ఉన్నం, ఇది పోయి జరీ కండె మింగింది. కండె అంటే మాటలా? దారం, దారం, దారం! నా దోస్తు భార్య నెత్తి కొట్టుకున్నది.

"అయ్యో! దారం మింగితే బయట నుంచి గుంజొద్దంటరు సార్, పేగులు కోసుకపోతయంట. ఎంబడే డాక్టరు కాడికి ఉరకాలంట."

నేను గుంజిన్నంటినా రేణుకా? ఎవరిని ముట్టనియ్యలే. పిల్లి కడుపు మీద చెవి పెట్టి విన్న. గుర్ గుర్ గుర్ అంటున్నది. పిల్లులన్నీ అంటయి, అది ఏం చప్పుడని మీరెవరన్న ఎన్నడన్న ఆలోచించిండ్రా? మగ్గం! నా దోస్తు కూడ విని, అవ్ తిమ్మప్పా, పడుగు పేక రెండు సరిగ్గ పడుతున్నయి అన్నడు. తెల్లారేసరికి బయటికి వచ్చింది. దారం కాదు. చీర. నూలు ఒళ్ళు, పట్టు అంచు, అంచుల జరీ పిల్లులు వరుసగ నడుస్తున్నయి.

"చీరనా? పిల్లి కడుపులనా?"

గద్వాల చీర మడిస్తె అగ్గిపెట్టెల పడుతదని మీరే గదా డప్పు కొట్టేది? అగ్గిపెట్టెల పట్టేది పిల్లి కడుపుల పట్టదా? పైగా అది ఒక్క పూట కూడ ఉపాసం ఉండలే. ఆ చీర కట్టుకున్న పెండ్లిపిల్ల కాపురం సల్లగ నడుస్తున్నది, ఇంట్ల ఒక్క ఎలుక లేదు.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? పేరు పాకింది. మనుషులల్ల పాకితే నేను పట్టించుకోను. అడవిల పాకింది. ఒకనాడు తలుపు తీస్తె వాకిట్ల పెద్దపులి! నల్లమల నుంచి కొల్లాపూర్ మీదుగ నడుచుకుంట వచ్చింది పాపం, ఎవరిని ఏమనకుండ, రోడ్డుకు ఎడమ పక్కనే. దగ్గుతున్నది. ఖళ్, ఖళ్, ఖళ్. నాకర్థమైంది. పిల్లి ఒళ్ళు నాక్కుంటది గదా, వెంట్రుకలు కడుపుల ఉండ కడతయి. చిన్న పిల్లికి చిన్న ఉండ. పులికి?

"మీరు ఉరకలేదా సార్?"

నేనా? ఉరుకుడా? కుర్చీ వేసి లోపలికి పిలిచిన. దొరసాని దిగి వచ్చింది. పులి ముందటి కాలు పట్టుకొని నాడి చూసింది. నాలుక చూపియ్యమన్నది. పెరట్ల నేను పెంచే గడ్డి నాలుగు పోచలు తెంపి తినిపిచ్చింది. పులి ఒకసారి గట్టిగ దగ్గింది, నా ఇంటి పెంకులు లేసి మళ్ళ కూసున్నయి, ఉండ బయట పడ్డది. ఎంత? వడ్ల గంపంత. దాంట్ల ఏమున్నదో తెలుసా? అడవిల పులులను లెక్కపెట్టనీకి చెట్లకు కెమెరాలు కడతరు గదా? ఒక కెమెరా! ఇంకా ఫొటోలు తీస్తనే ఉన్నది! ఆఖరు ఫొటోల నా దొరసాని, పక్కన నేను, నవ్వుకుంట.

"ఆ ఫొటో ఏది సార్?"

పులి తీస్కపోయింది. జ్ఞాపకానికి. ఇప్పుడు చెప్పుండ్రి. పులికి వైద్యం చేసిన పిల్లికి బడి ముందల టెంటుల ఒక డాక్టరు పోరడు సూది ఏస్తడా? అది లైన్ల నిలబడుతదా? ప్రపంచం మొత్తం వచ్చి చెప్పినా నేను తీసుకపోను. తిమ్మప్ప వంగడు!

"అన్నీ మంచిగనే ఉన్నయి గనీ సార్, మాట మాటకు రేకుల మీదికి ఏం చూస్తున్నరు?"

మబ్బులు.

"సార్, మైకుల ఆఖరు పిలుపు అంటున్నరు. డబ్బాలు సదురుతున్నరు."

సదురుకోనీ రేణుకా. నాకేంది? ... జర నువ్వు నిలబడి ఉన్నవు గదా, ఆ లైన్ల తెల్ల ఒళ్ళు, నల్ల మచ్చలు ఉన్న పిల్లి ఏమన్న కనిపిస్తున్నదా? చెవికి చిన్న గాటు ఉంటది. లేదా? మంచిగ చూసినవా? గోడ మీద కూడా? సరే. ఉత్తగనే అడిగిన. ఇంకొక చాయ్ పొయ్యి.

"ఓ తిమ్మప్ప సార్! ఈడ కూసున్నరా? మీ కోసం ఇల్లంత వెతికి వస్తున్న."

ఏంది సాయమ్మా? గోడ పక్క ఇల్లు నీది, నేను ఎక్కడ కూసుంటనో నీకు తెల్వదా? ఆ నెత్తి మీది గంప ఏంది, మీద చీర కట్టినవేంది?

"మీరు రోజు చెప్పే పులుల డాక్టరమ్మ. సూది అయింది. టెంటు పీకక ముందే నేనే ఏపిచ్చిన."

... ఏంది?

"ఏంది అంటరేంది? పొద్దుగాల గోనెసంచి పట్టుకొని గల్లీ అంత ఉరికితిరి. మా గోడెక్కితిరి, మా రేకులెక్కితిరి. 'నా తల్లి గదా, ఒక్క సూది, పిచ్చికుక్క కరుస్తది, నా మాట ఇను' అని బతిమాలితిరి. అది చెయ్యి గీకింది, ముక్కు గీకింది, వచ్చి మా వంటింట్ల దూరింది. సార్, ఎవరన్న సంచి చూపిస్తరా? ఆ పిల్లికి? సంచిల దొరికిన పిల్లికి? ముసలాయన నన్ను ఏరు దాటిస్తున్నడు అనుకున్నది."

దాటిస్తనా? నేనా? దాన్నా?

"మీకు నాకు తెలుసు. దానికేం తెలుసు?"

... మరి నీకెట్ల దొరికింది?

"దొరుకుడేంది, రోజు మధ్యాహ్నం మా గంపలనే పంటది. ఎండుచేప తలకాయ ఏసిన, దానంతల అదే ఎక్కి కూసున్నది. మీద పాత చీర కట్టిన. మా ఇంట్ల దాని పేరు ఎస్తేరు."

ఎస్తేరా! నా దొరసాని ఒకరి గడప... ఎండుచేపనా? సాయమ్మా, ఉప్పు ఎక్కువైతే దానికి మంచిది కాదు. కడిగి పెట్టు. ఏడ్చిందా, సూది ఏస్తుంటే?

"మూల్గలే. డాక్టరు దిక్కు చూసుకుంట కూసున్నది."

విన్నరా? రేణుకా, ఇస్రాయేలూ, విన్నరా? ఆ గుండె ఎవరి పెంపకం? నేను చెప్పలే?

"మీ పెంపకమే సార్. ఇగ ఆ తువ్వాల తియ్యుండ్రి. అబ్బా, మోచేతి దాంక గీకింది గదా! సబ్బు పెట్టి కడిగిండ్రా?"

బీజెడ్సీ చదివినోణ్ణి సాయమ్మా. నల్లా కింద పెట్టి మంచిగ కడిగిన.

"కడిగితే సరిపోదు. పిల్లి పని అయింది, ఇగ మీ పని. పిచ్చికుక్క తిరిగిన గల్లీ, గీకితే మనిషికి సూదులు పడాలని డాక్టరు చెప్పిండు. ఇస్రాయేలూ, బండి తియ్యి. పెద్ద దవాఖానకు తీస్కపో."

సూదులా? ఒకటి కాదా? ఆగు ఆగు. నేను భయపడుడా? ఏం మాట్లాడుతున్నవు? చాయ్ తాగి పోదమని. ఇట్ల తే, ఆ గంప జర నా ఒళ్ళె పెట్టు. చీర ఇప్పు. దొరసానీ... ఇటు చూడు. సంచిని పొయ్యిల పెడత, సరేనా? పొయ్యిల పెడత తల్లీ. మొఖం తిప్పుకోకు. చూడు, చూస్తున్నది, చూస్తున్నది...

"సార్! మీ మొఖం మీదనే తుమ్మింది!"

తుమ్మలే.

"తుమ్మింది సార్, మేమందరం చూసినం. మీ కండ్లద్దాల మీద పడ్డది."

తుమ్ము కాదు ఇస్రాయేలూ. బీజెడ్సీ చదవనోళ్ళకు తేడా తెల్వదు. అది నవ్వింది. నడువు, బండి తియ్యి. దవాఖానల ఆ సూది ఏసేటోనికి పులి కథ చెప్పాలె, నా చెయ్యి ఎవరు గీకిండ్రని అడగకుండ ఏస్తడు.