వీధిలోంచి కనిపించేది

ఫుట్‌స్క్రే అనే పాత కార్మికవాడలో రైలుపట్టాల పక్కన, కబేళా కూలీల కోసం ఎప్పుడో కట్టిన చెక్కపలకల ఇల్లది. అందులో ఒంటరిగా ఉండే ముసలి క్లారీ, ముందు తలుపు తట్టిన నగరసభ అమ్మాయిని చుట్టూ తిప్పి వంటింట్లోకి రప్పించాడు. అడక్కుండానే రెండోసారి టీ పోశాడు.

“శుభవార్తండీ! మీ ఇంటిని వారసత్వ కట్టడంగా గుర్తించాం. ఇక ఎవరూ కూల్చలేరు.”

“మొత్తం ఇల్లేనా?”

“వీధిలోంచి కనిపించేది మాత్రమే. వసారా, ముందు గది, ఆ తలుపు. ఇన్నేళ్ళైనా తలుపు ఎంత కొత్తగా ఉందో!”

“తెరిస్తేగా అమ్మా, పాతబడటానికి! ఈ వీధిలో అయినవాళ్ళెవరూ ముందు తలుపు తట్టరు. పోలీసులో, పాదిరో తడతారు.”

“మరి మీవాళ్ళు?”

“వెనక సందులోంచి తిన్నగా ఈ వంటింట్లోకే. మా ఆవిడ ఎడ్నా పొయ్యి మీంచి కెటిల్ దించేదే కాదు. ఇంతకీ వంటింటి సంగతేంటి?”

“వెనక భాగానికి విలువేం లేదండీ. మీ తర్వాత కొనేవాళ్ళు పడగొట్టుకోవచ్చు.”

అమ్మాయి టీ ముగించి, లేచి ముందు గది వైపు నడిచింది.

“అటు కాదమ్మా.”

“కారు ముందే ఉందండీ.”

“ఆ తలుపు చివరిసారి ఎడ్నా శవపేటిక కోసం తెరిచాను. వెనక నుంచి వెళ్ళు తల్లీ. ఇటు వెళ్ళినవాళ్ళయితే మళ్ళీ వస్తారు.”