శత్రుశక్తుల ఇస్త్రీపెట్టె

హనోయిలో ఒక వంటింట్లో, చరిత్ర పరీక్షకు బయలుదేరే ముందు మనవరాలు తాతతో ఆఖరిసారి వల్లె వేస్తోంది.

"సోవియట్ యూనియన్ ఎందుకు కూలింది తాతయ్యా?"

"పుస్తకంలో ఏముంది?"

"నాయకుల తప్పులు, శత్రుశక్తుల కుట్ర."

"అదే రాయి, మార్కులొస్తాయి."

"నువ్వప్పుడు మన సర్కారు పంపిన కార్మికుడిగా మాస్కోలో ఫ్యాక్టరీలోనే ఉన్నావుగా. శత్రువులెవరైనా కనపడ్డారా?"

"నాకెక్కడి తీరిక? ఇస్త్రీపెట్టెల క్యూలో నిలబడ్డాను."

"ఎన్ని కొన్నావేంటి?"

"అరవై. కుక్కర్లు వేరే. ఇక్కడికి, ఇంటికి పంపితే బంగారంలా అమ్ముడుపోయేవి. మా ఫ్యాక్టరీ హాస్టల్‌వాళ్లం వెళ్లొస్తే ఆ కొట్లో ఖాళీ అరలే మిగిలేవి."

"రష్యావాళ్లు ఊరుకునేవాళ్లా?"

"బూతులు తిట్టేవాళ్లు."

"అయితే ఆ శత్రుశక్తులు మీరేనన్నమాట."

"పరీక్ష పేపర్లో మాత్రం నా పేరు రాయకు. ఆ యూనిఫాం ఇటివ్వు, ఇస్త్రీ చేస్తా. అరవైలో ఆఖరుది, ఇంకా బాగానే కాలుతోంది."