ఒక్క మాట తెలిసిన కంపోజిటర్

లోపలికి రా క్రిస్టినా, గుమ్మంలో నిలబడి మాట్లాడతావేంటి. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతోంది, ఇటు మంచం మీద కూర్చో. కంకిపాడు నుంచి ఈ ఎండలో బస్సెక్కి వచ్చావంటే మీ పిల్ల జసింత సంగతే అయ్యుంటుంది. పొద్దున మీ ఆయన ఫోన్ చేశాడులే. ‘పెద్దత్తయ్యగారూ, క్రిస్టినాకి మీరన్నా చెప్పండి, సంతకం పెట్టి పంపించెయ్యమనండి, లేకపోతే పిల్ల చదువు మూడో ఏడాదిలో ఆగిపోద్ది’ అన్నాడు. ఏదీ ఆ కాగితం. అంతా ఇంగ్లీషేనా. నువ్వే చదివి చెప్పు. ఊఁ. ఆ పుస్తకంలో ఏముందో మా అమ్మాయికి తెలియదు. ఎవరో చెబితే చేసింది. చెప్పినవాళ్ల పేర్లు ఇవీ. కింద తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం పెట్టాలి, శుక్రవారం లోపల. ఇంతేగా. ఫిలిప్పీన్స్‌కి డాక్టరు చదువుకని పంపిస్తే పుస్తకాలు అచ్చేసిందన్నమాట. ఎంత పుస్తకం, అరచేయంతా. బొమ్మలు ఇది వేసిందా. వేసి, మడతపెట్టి, పిన్నులు కొట్టి, వచ్చేపోయేవాళ్లకి పంచింది. దాన్ని పట్టుకుని కాలేజీవాళ్లు అనార్కిస్టు అని రాశారు, నువ్వు డిక్షనరీ తీస్తే అందులో అరాజకం అని ఉంది, ఇక బస్సెక్కేశావు. నేను నవ్వట్లేదే తల్లీ. నాకు మీ పెదనాన్న గుర్తొచ్చి ఒళ్లు మండుతోంది.

నీకు గుర్తున్న పెదనాన్న పళ్లూడిపోయి, ఇంటికొచ్చిన ప్రతి శుభలేఖలోనూ తప్పులు వెతికి ఎర్ర సిరాతో దిద్ది, పెళ్లివారికే తిరిగి పంపించే ముసలాయన. వయసులో ఉన్నప్పుడు ఇంకా అన్యాయం. వన్ టౌన్‌లో, ఇదే, ఈ పక్క సందులో ప్రెస్సు. కరిముల్లా గారిది. మంచాయన, మధ్యాహ్నం భోజనం కాగానే గల్లాపెట్టె మీద తల పెట్టి నిద్రపోయేవారు. మీ పెదనాన్న కంపోజిటరు. సీసం అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి, తిరగేసి పేర్చాలి. నేను అచ్చయిన కాగితాలు మడతలు పెట్టి కుట్టేదాన్ని. ఇచ్చింది ఇచ్చినట్టు పేర్చడం ఆ మనిషి వల్ల అయ్యేది కాదు. ఒకసారి మన చర్చి విచారణ గురువులు పండగ కరపత్రం ఇస్తే అందులో పునీతుల పేర్లన్నీ దిద్దేశాడు. ఆయన వచ్చి, ‘లాజరూ, అవి లాటిన్ పేర్లయ్యా, అలాగే ఉంటాయి’ అన్నారు. ‘ఉండొచ్చు ఫాదర్, కానీ చదవడానికి బాగోలేవు’ అన్నాడు. ఏం చెయ్యమంటావు ఆ మనిషిని. నేను సిగ్గుతో లోపలికెళ్లిపోయాను.

ఏం చెప్తున్నాను. ఆఁ, డెబ్బై ఆరు. ఎమర్జెన్సీ. ఏది అచ్చేసినా ముందు సర్కారువాళ్లకి తీసుకెళ్లి చూపించాలి అన్న రోజులు. అప్పుడు మీ కంకిపాడు వైపు మందుల ఆసుపత్రిలో ఒక సిస్టరు ఉండేది, మీ జసింత ఉన్న ఆ దేశం నుంచే వచ్చింది. పేరు రెమెడియోస్. మనవాళ్లకి నోరు తిరక్క రెమిడీ సిస్టరు అనేవాళ్లు, మందులిస్తుంది కదా, సరిపోయింది. సైకిలు తొక్కుకుంటూ తిరిగేది. తెలుగు కొత్తగా నేర్చుకుంది, అందర్నీ అండీ అనేది. ఆసుపత్రి గుమ్మంలో పడుకున్న కుక్కని కూడా ‘కొంచెం జరగండీ’ అనేది. ఆవిడ ఒకరోజు చేత్తో రాసిన కట్ట ఒకటి తెచ్చింది. వాళ్ల భాష, ఇంగ్లీషు అక్షరాలు. వాళ్ల తాత మనీలాలో కంపోజిటరంట. ఆయన చెప్పుకున్న సంగతులు ఈవిడ రాసింది. అక్కడప్పటికి నాలుగేళ్ల నుంచీ సైనిక చట్టం, ఇలాంటివి అచ్చేస్తే మనుషుల్ని లోపలేస్తున్నారు. ఇక్కడ అచ్చేసి, మందుల పార్సెళ్ల మధ్య పెట్టి పంపిద్దామని ఆవిడ ఆలోచన. ఇక్కడా అదే పరిస్థితి కదా సిస్టరూ అని నేనంటే, ‘ఇక్కడ మా భాష ఎవరికీ రాదు కదండీ’ అంది. అదీ నిజమే.

ఆ కట్టలో ఏముందంటావా. వందేళ్ల కిందట వాళ్ల దేశంలో ఒకాయన స్పెయిన్ జైల్లో పడ్డాడంట. అక్కడ ఈ అరాజకం మనుషులు తోటి ఖైదీలుగా దొరికారు. తిరిగొచ్చేటప్పుడు పెట్టెలో వాళ్ల పుస్తకాలు వేసుకొచ్చాడు. వచ్చి సంఘం పెడితే మొట్టమొదట చేరింది ఎవరనుకున్నావు, అచ్చు పనివాళ్లు. ఈ మాట సిస్టరు చెప్పగానే మీ పెదనాన్న ఛాతీ పొంగిపోయింది. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని నాకు పాఠం. ‘అమలా, అరాజకం అంటే రచ్చ కాదే. పైన కర్ర పట్టుకుని కూర్చునేవాడు లేకుండా జనం కూడబలుక్కుని పనులు చేసుకోవడం.’ నేనన్నాను, చేసుకోవచ్చు, ముందు ఆ నీళ్ల బిందె ఎత్తి లోపల పెట్టు అని. పెట్టలేదు. ‘మన ప్రెస్సే చూడు, కరిముల్లా గారు నిద్రపోతుంటే పని ఆగిందా’ అన్నాడు. ఆగలేదు, లేచాక తిట్టారు అన్నాను. ఆడవాళ్లకి సిద్ధాంతం ఎక్కదు అన్నాడు. ఎక్కకపోవడమేం, బిందె నేనే ఎత్తి పెట్టాను.

సరే, పేర్చడం మొదలుపెట్టాడు. ఆ భాషలో ప్రతి లైన్లో ఒకటి రెండు సార్లు ఎమ్, జీ, ఏ అని వస్తుంది. మూడే అక్షరాలు. ఈయన చూశాడు, చూశాడు. ‘అమలా, సిస్టరు తొందరలో అక్షరాలు వదిలేసిందే. ఇది మాటెలా అవుతుంది, నోరు తిరగదు. మధ్యలో ఏ, ఎన్ పడిపోయాయి.’ ఒరే నాయనా, ఆవిడ భాష ఆవిడకి తెలియదా, ఇచ్చినట్టు పేర్చు అని మొత్తుకున్నాను. వింటేనా. పుస్తకం పొడుగునా ఎక్కడ ఆ మూడక్షరాలుంటే అక్కడ మంగా అని దిద్దుకుంటూ పోయాడు. ప్రూఫు కూడా చూపించలేదు. మూడు వందల కాపీలు. నేనే కుట్టాను, వేళ్లు పొక్కిపోయాయి. సిస్టరు వచ్చింది, మొదటి పేజీ తీసింది, వేలు పెట్టి ఒక్కో లైనూ చదువుకుంటూ పోయింది. నేను గోడ వైపు తిరిగాను. కాసేపటికి చూస్తే నవ్వుతోంది, కళ్లవెంట నీళ్లు. ‘లాజరుగారూ, మా తాత రోజుల్లో ఇలాగే రాసేవారండీ. తర్వాత పొట్టిగా రాయడం వచ్చింది. నోటితో మాత్రం ఇప్పటికీ మంగా అనే అంటామండీ’ అంది. మరి అర్థమేంటి సిస్టరూ అంటే, అర్థం ‘లు’ అంట. మనం పుస్తకాలు, చెట్లు, మనుషులు అంటాం చూడు, ఆ లు. మనం మాటకి వెనక పెడతాం, వాళ్లు ముందు పెడతారు. ఇంక ఆ రోజు నుంచీ ఆయన్ని పట్టుకోగలిగినవాడు లేడు. దారిన పోయేవాడికి కూడా చెప్పేవాడు, రాని భాషలో తప్పు దిద్దానని. అది తప్పు కాదయ్యా అంటే వినడు.

ఇంకోటి చెప్పాలి. దొంగచాటుగా వేసే పుస్తకం కింద ఎవరన్నా ప్రెస్సు పేరు, వీధి పేరు వేస్తారా. వేశాడు. ‘ప్రెస్సు పేరు లేకుండా పుస్తకం బయటికి పోకూడదు, అది పద్ధతి’ అన్నాడు. అరాజకమంతా లోపల, కింద మాత్రం పద్ధతి. ఎక్కడో ఒక పార్సెలు విప్పారు. రెండు వారాలకి ఎస్సై వచ్చాడు. అప్పుడు కరిముల్లా గారు కూతురి పురిటికని గుంటూరు వెళ్లారు, మేమిద్దరమే ఉన్నాం. ప్రార్థనల పుస్తకం అని చెప్పమని నేను ముందే నేర్పిపెట్టాను. చెప్పాడు, బుద్ధిగానే. ఎస్సై నాలుగు పేజీలు తిప్పి, ‘మంగా, మంగా, మంగా. ఏం ప్రార్థనయ్యా ఇది లాజరూ, మ్యాంగోలకా, మామిడికాయలకా’ అని నవ్వాడు. కానిస్టేబులు నవ్వాడు. నేనూ నవ్వాను. పుస్తకం బల్ల మీద పడేసి, టోపీ పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్లాడు క్రిస్టినా. ఒక కాలు బయట పెట్టాడు. అప్పుడు వెనకనుంచి మీ పెదనాన్న, ‘మామిడికాయ కాదండీ. అది లు అండీ, బహువచనం’ అన్నాడు.

ఎస్సై వెనక్కి తిరిగాడు. ‘నీకీ భాష వచ్చా.’ ‘ఒక్క మాట వచ్చండీ.’

ఇప్పుడు నవ్వొస్తోంది కదా నీకు. నవ్వు, ఫరవాలేదు, పొద్దున్నుంచీ ఏం తిన్నట్టు లేదు మొహం చూస్తే. నాకప్పుడు ఆరో నెల, పెద్దాడు కడుపులో. స్టేషన్లో కూర్చోబెట్టారు. ఆ ఎస్సై చెడ్డవాడు కాదు, నిజం చెప్పాలి. దారి చూపించాడు. ఇదిగో నీ చేతిలో ఉన్న కాగితం లాంటిదే, మూడు లైన్లు. నాకు ఈ భాష తెలియదు. తెలియక పేర్చాను. తెచ్చి ఇచ్చింది ఫలానావాళ్లు. సంతకం పెట్టి ఇంటికెళ్లు అన్నాడు. మొదటిది నిజమే కదా, ఆ భాషలో ఈయనకి ఏం తెలుసని. ఆ నిజం రాయడానికి ఆయనకేం పోయింది. నేను క్యారేజీ తీసుకెళ్లి బతిమాలాను. ‘తప్పు దిద్దినవాణ్ణి, భాష తెలియదని ఎలా రాస్తానే’ అన్నాడు. తప్పు కాదు మొర్రో అంటే, ‘అయినా మూడో లైను సంగతి చూశావా’ అన్నాడు. అప్పుడర్థమైంది, ఆ ఒక్క మాట గోలంతా మూడో లైను రాయకుండా ఉండటానికి అడ్డం పెట్టుకున్నాడని. లేకపోతే నిజంగానే ఆ దిద్దుబాటు గర్వమో. ఆ మనిషితో నలభై ఏళ్లు కాపురం చేసి కూడా నాకు తేలలేదు. జైలుకి పంపారు. ఒక నెల, రెండు నెలలు. నాకు నొప్పులు దగ్గరపడుతున్నాయి, మా అమ్మ లేదు, మీ అమ్మకి పెళ్లి కూడా కాలేదు.

ఆ కథ నీకూ చెప్పాడుగా ఆయన. ‘నేను రాయలేదమ్మా, చివరికి వాళ్లే విసిగిపోయి వదిలేశారు’ అని. మీ చిన్నప్పుడు పిల్లలందర్నీ కూర్చోబెట్టుకుని మీసం తిప్పి మరీ చెప్పేవాడు. నేను లోపల గిన్నెలు గట్టిగా తోమేదాన్ని. మీ అమ్మ అనేది, అక్కయ్యకి బావ గొప్ప చెప్పుకుంటే పడదని.

వాళ్లేం విసిగిపోలేదు. నేను పెట్టాను సంతకం. మధ్యాహ్నం రెండింటికి, ఎస్సై బల్ల ముందు నిలబడి. ఏడో తరగతి దాకా చదువుకున్నాను కదా, గుండ్రంగా రాస్తానని మెచ్చుకున్నాడు కూడా. మా ఆయనకి ఆ భాష తెలియదు, తెచ్చింది ఫలానా ఆసుపత్రి సిస్టరు. పేరు సరిగ్గా రాయాలి కదా, రెమిడీ కాదు, రెమెడియోస్ అని నేనే పలికి చెప్పాను. మీ పెదనాన్నని ఆ వారమే వదిలేశారు. సిస్టర్ని నాలుగు రోజుల్లో మద్రాసు రైలెక్కించి, అటునుంచి అటే వాళ్ల దేశం పంపించేశారు. ఈయన ఇంటికొచ్చి ఏ కాగితమో ఎవరు పెట్టారో అడగలేదు. ‘సిస్టరు ఏదే’ అన్నాడు. వాళ్లమ్మకి బాగోలేదంట, వెళ్లింది అన్నాను. ఉత్తరం రాస్తుందిలే అన్నాడు. పోయేదాకా పోస్టుమాన్ వస్తే లేచి నిలబడేవాడు. రాలేదు. దిగగానే పట్టుకున్నారో, ఏ కాన్వెంటులోనో సుఖంగా ముసలిదైపోయిందో, నాకేం తెలుసు. ఎవర్ని అడగను.

నా కొడుకుని కళ్లముందు పెట్టుకుని పెంచాను, మొగుడు నా పక్కన చచ్చిపోయాడు. అది తప్పని నేను అనట్లేదు. ఒప్పని నా నోటితో చెప్పించాలని మీ ఆయన ఫోన్ చేశాడు, చెప్పనన్నానని చెప్పు. మీ పెదనాన్నది వేరు, ఆయనకి ఆ భాష రాదు. మీ పిల్ల అక్కడివాళ్లతో గలగలా మాట్లాడుతుందన్నావు, అది తెలియదని ఎలా రాస్తావు. అదేమంది ఫోన్లో. ‘అమ్మా, నువ్వు పెడితే నేను నీతో మాట్లాడను’ అందా. ఊఁ. ఇరవై ఏళ్లకి అలాగే అంటారు. మాట్లాడుతుందిలే. మాట్లాడకపోవడం కాదు నేననేది.

కాగితం ఇలా తే. కళ్లద్దాలు ఆ డబ్బాలో ఉన్నాయి, ఇవ్వు. పేర్లు రాయమన్న చోట ఖాళీగా వదిలారు. ఎవరి పేరు రాద్దామనుకున్నావు. దాంతో గదిలో ఉండే అమ్మాయా. ఆ ఊరి పిల్లేనా. ఎంత వయసంట. పంతొమ్మిది. తల్లి ఉందా ఆ పిల్లకి.

అడగలేదా.

మబ్బు పట్టింది క్రిస్టినా, మేడ మీద దుప్పట్లు ఆరేశాను. లే, నువ్వా చివర పట్టుకో.