కవరు తీసి తూచిన చెగోడీలు

టాటీబంధ్ చౌరస్తాలో పార్వతమ్మ టీ కొట్టు. ఇంట్లో చేయించిన చెగోడీల పాకెట్లు నలభై బల్ల మీద పరిచి, వాటిని ఎలాగైనా ఆ కొట్టులో పెట్టించాలని దానయ్య పొద్దుటినించీ ఒకటే వాగుడు.

"వంద గ్రాములంటే వందే అక్కా! తూకంలో నా పేరు అడుగు ఎవర్నైనా. ఓసారి పండరీ బజార్లో బిస్కెట్ పాకెట్ కొన్నాను, ఇలా అరచేతిలో పెట్టుకున్నానో లేదో తెలిసిపోయింది, ఎనిమిది గ్రాములు తక్కువ! 'ఏం భాయ్, కవరు కూడా కలిపి తూస్తావా? లోపలి సరుకే వంద ఉండాలని రూలు' అని దులిపేశాను."

"చేత్తోనే తూచావా?" అన్నాడు రైల్వే ఎలీషా, టీ ఊదుకుంటూ.

"చేత్తోనే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ కంపెనీ లారీ ఇదే చౌరస్తాలో ఆగింది. కిందకి దూరి, ఒంటిచేత్తో పైకెత్తాను..."

"లారీనా!"

"నిండు లారీ! మధ్యలో అడ్డు రాకు. 'ఇందులో రెండు క్వింటాళ్లు కవర్లే' అన్నాను. డ్రైవరు నా కాళ్ల మీద పడ్డాడు. మర్నాడే ఢిల్లీ నించి ఫోను. 'దానయ్యజీ, బిస్కెట్ ఎంతుండాలి, టీ పొడి ఎంతుండాలి, మీరు చెప్పిందే రూలు' అని. వెళ్లాను. దేశం మొత్తానికీ కొలతగా దాచిన కిలో రాయిని ఏడు తాళాలు తీసి నా చేతిలో పెట్టారు. 'సాహెబ్, ఆవగింజంత తక్కువుంది' అన్నాను. ఇంకేముంది, దేశంలో కాటాలన్నీ ఆగిపోయాయి! గంటసేపు ఎక్కడా ఒక్క వంకాయ అమ్మలేదు. చివరికి నేనే నా తాయెత్తు గీకి, ఆ రాగిపొడి అంటించాను. ఇవాళ మీరు తినే ప్రతి కిలోలోనూ నా తాయెత్తు ఉంది!"

"అందుకేనా మా ఇంట్లో పప్పు ఉడకట్లేదు!" అన్నాడు ఎలీషా.

పార్వతమ్మ ఓ పాకెట్ తీసి, మిక్చరు తూచే కాటా మీద పెట్టింది. సరిగ్గా వంద.

"చెప్పలా!" దానయ్య మీసం తిప్పాడు.

"కవరు తీసి తూచాలన్నావుగా" అంటూ ఆమె పాకెట్ చింపి పళ్లెంలో కుమ్మరించింది. చెగోడీలతో పాటు ఓ ప్లాస్టిక్ బూర టకామని పడింది.

"అది... పిల్లలకి ఫ్రీ అక్కా."

బూర తీసేసి మళ్లీ తూచింది. ఎనభై రెండు. బూరని దానయ్య అరచేతిలో పెట్టింది.

"నీ చెయ్యే కాటా కదా, ఇదెంతో చెప్పు."

దానయ్య బూరని గబుక్కున జేబులో వేసుకున్నాడు.

"నలభై పాకెట్లూ విప్పి, తక్కువైన చెగోడీలు వేసి రేపు తీసుకురా, పెడతాను. బూరలు మాత్రం వద్దు. కోతలు ఫ్రీగా ఇస్తున్నావుగా, అవి చాలు."