హరిలాల్ గారి గోటిగుర్తు

1979 నవంబరు ఐదవ తేదీన జనగామ మరమ్మతుల కార్ఖానాలో వడ్రంగిగా చేరిన శ్రీ హరిలాల్ గారు, ముప్పై మూడేళ్లకు పైబడిన నిష్కళంక సేవను ముగించి ఈ జూలై నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆయనకంటే మూడు నెలల ముందు చేరినవాడిని నేను. ఆ మూడు నెలలను ఏనాడూ మరువలేదు.

మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి వచ్చిన ఆయన, భూపాలపల్లి అటవీ బంగళా తలుపులు మొదలుకొని ఎన్నో ప్రాచీన కట్టడాలను స్వహస్తాలతో నిలబెట్టారు. కర్ర చేతికి రాగానే బొటనవేలి గోరు గుచ్చి చూడటం ఆయన అలవాటు. నేనూ గుచ్చేవాడిని. ఆయనకు తెలిసేది నాకు తెలిసేది కాదు.

2011లో డోర్నకల్ దగ్గరి పాత బంగళా పైకప్పును మా ఇద్దరికీ చెరిసగం అప్పగించి, పని చూసి ఒకరిని హెడ్ మేస్త్రీని చేస్తామన్నారు ఇంజనీరు గారు. తెల్లదొరల కాలంలో ఓడల మీద వచ్చిన పైన్ వాసాల కొసలు పుచ్చిపోయాయి. అటువంటి విదేశీ మెత్తకర్రే కావాలని హరిలాల్ గారు కాగితం పెట్టగా, అది వచ్చి రేవులో ఆగిపోయింది. మన రాష్ట్రం మనకు కావాలని ఊరూరా టెంట్లు వేసిన రోజులవి. భూపాలపల్లి టేకు ఉండగా సముద్రం అవతలి కర్ర ఎందుకని అందరి ముందూ ఎత్తిపొడిచాను.

"కొమురన్నా, మన టేకుకు వంక పెడ్తలేనే. మెత్తదానికి గట్టిది అతికితె పాత వాసమే పగుల్తది," అన్నారాయన.

నా సగానికి టేకే అతికాను. సకల జనుల సమ్మె నలభై రెండు రోజులు నడిచింది, నడుమ వానలు. తిరిగొచ్చి టార్పాలిన్ విప్పితే, నా అతుకుల పక్కన మూడు పాత వాసాలు నిలువునా చీలి ఉన్నాయి. హరిలాల్ గారు చీలికలో గోరు పెట్టి చూశారు. ఎవరినీ పిలువలేదు. అప్పటికి రేవు నుంచి చేరిన మెత్తకర్రతో తన సగమూ, నా సగమూ సరిచేశారు.

ఇంజనీరు గారు అడిగితే, "ఇద్దరం కలిసి చేసినం సార్," అన్నారు. నేనూ తలూపాను. అయినా ఆ కర్ర కోరిందెవరో కాగితంలో ఉంది, పదవి ఆయనకే దక్కింది. ఆయన నా తప్పు చెప్పి ఆ పదవి తీసుకొని ఉంటే, నా కడుపుమంట ఏనాడో చల్లారేది.

నా వైపు వాసం మీద ఆయన గోటిగుర్తు ఇప్పటికీ ఉంది. చిత్రిక పట్టి తీసేద్దామని ఒకసారి నిచ్చెన ఎక్కి, తీయలేక దిగాను. రేపటి నుంచి ఆయన పదవి నాది. ఆ గోరు నాది కాదు. అది మరెన్నో ఏళ్లు పదునుగా ఉండాలనీ, హరిలాల్ గారు సకుటుంబంగా ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలనీ మనసారా కోరుకుంటున్నాను.

కొమురయ్య, వడ్రంగి, తరిగొప్పుల